ఎండ మండుతుంటే వోల్టేజి ఎందుకు తగ్గింది? తొమ్మిదో తరగతితో నా సోలార్ ల్యాబ్ అనుభవం

నేను కర్నూలు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మాకు దగ్గర్లోనే గని, శకునాల గ్రామాల పరిధిలో సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయిన ఆ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఎటు చూసినా ప్యానెళ్లే. మా పిల్లల ఇళ్ల నుంచి కొందరు అక్కడ ప్యానెళ్లు కడిగే పనికి వెళ్తారు. అంత దగ్గర్లో ఉన్నా, పునరుత్పాదక శక్తి అనగానే పిల్లలు "సౌరశక్తి, పవనశక్తి, జలశక్తి" అని గడగడా అప్పజెప్పేసి కూర్చుంటారు. వాళ్ల చేతికి మీటరు ఇచ్చి కొలిపించాలని నాకు ఎప్పటినుంచో పట్టుదల.

సామాను పెద్ద ఖర్చేమీ కాదు. అరచేతిలో పట్టే 6 వోల్టుల ప్యానెళ్లు, రెండు మూడు వందలకు దొరికే మల్టీమీటర్లు, క్లిప్పుల వైర్లు, థర్మామీటర్. అసలు ఇబ్బంది పీరియడుతోనే. పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్లి గ్రూపులుగా కూర్చోబెట్టేసరికే సగం అయిపోతుంది. హెడ్మాస్టర్ గారు లెక్కల సార్‌తో మాట్లాడి రెండు పీరియడ్లు కలిపి ఇప్పించారు. అది లేకపోతే ఈ ల్యాబ్ జరిగేదే కాదు.

ఒక్కటే నియమం పెట్టాను: మీటరు చూడకముందే ఏమవుతుందో నోట్సులో రాయాలి. తర్వాత కొట్టివేయకూడదు.

"ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుంది కదా మేడమ్!" క్లాసంతా ఇదే రాసింది. గదిలో నీడన ఉన్న ప్యానెల్‌ని ఎండలో పెట్టగానే మీటరు 7.1 వోల్టులు చూపించింది. ప్యానెల్ వెనక టేపుతో అంటించిన థర్మామీటర్ అప్పుడు 31 డిగ్రీల దగ్గరుంది. అది 55కి చేరేసరికి వోల్టేజి 6.5కి దిగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ప్యానెల్‌ని ఎవరూ కదపలేదు. "మీటరు పాడైంది మేడమ్" అన్నారు. ఇంకో మీటరు పెట్టినా అదే అంకె. అప్పుడు వెలుతురుకి అడ్డం రాకుండా వెనక వైపు తడిగుడ్డ ఆనించాం. అంకెలు మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. పిల్లలంతా మీటరు మీదకి వంగిపోయారు.

ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కిన కొద్దీ సిలికాన్ సెల్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. మా ప్యానెల్‌లో 12 సెల్స్ సిరీస్‌లో, అంటే దండలా ఒకదాని వెనక ఒకటి కలిపి, ఉన్నాయి కాబట్టి డిగ్రీకి 24. పెరిగిన వేడి 24 డిగ్రీలు. పిల్లలే గుణించారు: 576 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 0.6 వోల్టు. మీటరులో తగ్గింది కూడా అంతే! పుస్తకంలోని లెక్క కళ్లముందు జరిగిన దానితో సరిపోవడం వాళ్లలో చాలామందికి అదే మొదటిసారి. నాకు ఈ ల్యాబ్‌లో అన్నిటికన్నా విలువైన ఘడియ అదే.

నీడ ప్రయోగం ఇంకా త్వరగా అర్థమైంది. ఒక్క సెల్ మీద వేపాకులు మందంగా కప్పితే, మిగతా పదకొండు ఎండలోనే ఉన్నా కరెంట్ దాదాపు సున్నాకి వచ్చేసింది. స్లాబు వేసేటప్పుడు తట్టలు అందించుకునే వరసలో ఒకరు చేతులు దించితే ఏమవుతుందని అడిగాను. ఆ పని చూసిన పిల్లలే కాబట్టి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

గాలిమర మాత్రం తేలిగ్గా లొంగలేదు. బొమ్మ కారు మోటారుకి ప్లాస్టిక్ సీసా రెక్కలు కట్టి టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే రెక్కలు తిరిగాయి గానీ ఎల్‌ఈడీ వెలగలేదు. ఎర్ర ఎల్‌ఈడీకి కనీసం 1.8 వోల్టులు కావాలి, మాకు ఒక వోల్టు కూడా రావడం లేదు. పాత ప్రింటర్ మోటారు తెచ్చి మార్చాక వెలిగింది. బొమ్మ మోటారు చాలా వేగంగా తిరిగితే తప్ప అంత వోల్టేజి ఇవ్వదు. ఈ ప్రయోగం చేయించాలనుకునే టీచర్లు ముందు మోటారు సంగతి చూసుకోండి. ఇంకో జాగ్రత్త: చిన్న ప్యానెల్‌ని నేరుగా ఆంపియర్ రేంజిలో కొలిస్తే ఫర్వాలేదు, బ్యాటరీని మాత్రం ఎప్పుడూ అలా కొలవనివ్వకండి.

తడిగుడ్డ ప్రయోగం రోజునే ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ వాళ్లు తెల్లారకముందే కడుగుతారు మేడమ్, ఎండెక్కాక నీళ్లు పోయనివ్వరు. ఎందుకు?" అని అడిగింది. కాలిన అద్దం మీద చల్లని నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉందని చెప్పాను. "మరి దుమ్ముంటే ఎంత పోతుంది?" అని వెంటనే ఇంకో ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పలేదు, వాళ్లనే కొలవమన్నాను. ఇప్పుడు బడి మేడ మీద రెండు ప్యానెళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రోజూ తుడుస్తారు, రెండోదాన్ని ముట్టుకోరు. మధ్యాహ్నం బెల్లు కాగానే రెండింటి కరెంటూ కొలిచి పట్టికలో రాస్తున్నారు. వాన పడిన మర్నాడు రెండు అంకెలూ ఒకటైపోయాయి. అప్పటినుంచి పట్టికలో వాన కోసం ఇంకో గడి గీసుకున్నారు.