సెకండ్ హ్యాండ్ స్కూబా రెగ్యులేటర్: ఫొటోల్లో ఏం చూడాలి, చేతికొచ్చాక ఏం పరీక్షించాలి

“నాలుగైదు డైవ్‌లకే వాడాం, కొత్తదానిలా ఉంది, నేరుగా నీళ్లలోకి దిగిపోవచ్చు.” సిలిండర్ గాలిని నీటి అడుగున డైవర్ నోటికి అందించే పరికరం రెగ్యులేటర్. పాత రెగ్యులేటర్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాటలివి. మొదటి రెండూ నిజమే కావచ్చు. మూడోది మాత్రం ఫొటో పెట్టి అమ్మేవాళ్లెవరూ హామీ ఇవ్వగలిగేది కాదు. రెగ్యులేటర్‌లో ఇత్తడి భాగాలు దశాబ్దాలు నిలుస్తాయి. లోపలి ఓ-రింగులు (గాలి కారకుండా పెట్టే రబ్బరు వలయాలు), సీట్లు (వాల్వుని మూసే మెత్తటి బిళ్లలు), డయాఫ్రమ్‌లు (సన్నటి రబ్బరు పొరలు) వాడినా వాడకపోయినా గట్టిపడి పాడవుతూనే ఉంటాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో కొనే పాత రెగ్యులేటర్ ఏదైనా సరే సర్వీసింగ్ కాలేదనే లెక్క వేసుకోండి. అలా అనుకున్నాక తేల్చుకోవాల్సినవి రెండే మిగులుతాయి: లోహం బాగుందా? దానికి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా?

విడిభాగాల సంగతి ముందు చూడాలి, ఎందుకంటే దీనికి ఫొటోలు కూడా అక్కర్లేదు. చాలా కంపెనీలు సర్వీస్ కిట్లను తమ అధీకృత టెక్నీషియన్లకే ఇస్తాయి. డబ్బు కట్టకముందే మీకు అందుబాటులో ఉన్న టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి తగిలించే భాగం) మోడల్, సెకండ్ స్టేజ్ (నోట పెట్టుకునే భాగం) మోడల్ విడివిడిగా చెప్పి “కిట్ దొరుకుతుందా, మీరు చేస్తారా” అని అడగండి. స్కూబాప్రో ఎంకే2, ఎంకే25, ఏపెక్స్ డీఎస్4 లాంటివి ఏళ్ల తరబడి విరివిగా అమ్ముడైనవి కాబట్టి వాటి పని తెలిసినవాళ్లు ఎక్కువ. డేకర్ లాంటి పాత బ్రాండ్ల సంగతి వేరు. ఆ కంపెనీని మేరెస్ కొనేసింది, పాత మోడళ్లకు అసలు విడిభాగాలు దొరకడం కష్టం. పొసైడన్ జెట్‌స్ట్రీమ్ మంచి రెగ్యులేటరే, కానీ దాని సెకండ్ స్టేజ్‌లో ఉండేది సర్వో వాల్వు, అంటే చిన్న వాల్వు ఒకటి పెద్ద వాల్వుని తెరిపించే రకం. మామూలు లీవర్ వాల్వులకు అలవాటుపడిన టెక్నీషియన్ దాన్ని ముట్టుకోకపోవచ్చు.

తర్వాత ఖర్చు. సర్వీసింగ్ ధర చెప్పేటప్పుడు ఫస్ట్ స్టేజ్ ఒకటి, సెకండ్ స్టేజ్ ఒకటి, ఆక్టోపస్ (అత్యవసరానికి ఉంచే అదనపు సెకండ్ స్టేజ్) ఇంకొకటి, ఇలా మూడు పద్దులుగా లెక్క కడతారు. కిట్ల ధర వేరు, కూలి వేరు. హోసులు పాతవైతే అవి కూడా మార్చాలి. అడిగిన ధరకు ఇవన్నీ కలిపితే, వారంటీతో వచ్చే కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటుతోందంటే నేనైతే వదిలేయమంటాను. ఏడాదికో రెండేళ్లకో, లేదా 100 డైవ్‌లకో, ఏది ముందొస్తే అప్పుడు సర్వీసింగ్ చేయించమని కంపెనీలు చెబుతాయి కాబట్టి ఈ ఖర్చు ఒక్కసారితో పోయేది కూడా కాదు.

సిలిండర్‌కి తగిలించే చోట మూడు రకాలుంటాయి, ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది. యోక్ అంటే వాల్వు మీదుగా వేసి వెనక నుంచి మర బిగించే బిగింపు, గరిష్ఠంగా 232 బార్ (గాలి ఒత్తిడి కొలత) వరకు. డిన్ అంటే వాల్వు లోపలికి మరతో వెళ్లేది. ఇందులో 200 బార్ రకానికి మర చుట్లు ఐదు, 300 బార్ రకానికి ఏడు. యోక్‌ని డిన్‌గా మార్చే కిట్లు చాలా మోడళ్లకు ఉన్నాయి. మూడోది ఎం26. యూరప్‌లో నైట్రాక్స్ (మామూలు గాలి కన్నా ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం) కోసం పెట్టిన మర ఇది, మామూలు డిన్ వాల్వులోకి ఎక్కదు. చవగ్గా దొరికిందని కొన్నాక “ఇది నైట్రాక్స్ రెగ్యులేటర్” అని తెలుసుకుంటే, కనెక్టర్ మార్పించే ఖర్చు నెత్తిన పడుతుంది. ప్రకటనలో నైట్రాక్స్ అన్న మాట కనిపిస్తే మర కొలత అడిగి తీరాలి. మరీ పాత ఫస్ట్ స్టేజ్‌లతో ఇంకో ప్రమాదముంది. ఇప్పుడు హై ప్రెజర్ పోర్టు (సిలిండర్ ఒత్తిడి నేరుగా వచ్చే రంధ్రం) 7/16 అంగుళం, లో ప్రెజర్ పోర్టు (తగ్గించిన ఒత్తిడి వచ్చేది) 3/8 అంగుళం కాబట్టి ఒకదాని హోసు ఇంకోదానికి పట్టదు. వెనకటి కొన్నింటిలో రెండూ 3/8 అంగుళమే. దాంట్లో లో ప్రెజర్ హోసుని పొరపాటున హై ప్రెజర్ వైపు బిగిస్తే సిలిండర్‌లోని 200 బార్ నేరుగా 10 బార్ కోసం చేసిన హోసులోకి వస్తుంది.

ఇక ఫొటోలు. ప్రకటనలో పెట్టే అందమైన ఫొటో పనికిరాదు. దగ్గర నుంచి తీసినవి అడగాలి, ఇవ్వనంటే అక్కడితో ఆపేయాలి. అన్నిటికన్నా ముందు డస్ట్ క్యాప్ (ఫస్ట్ స్టేజ్‌ని సిలిండర్‌కి తగిలించే చోటి మూత) తీసి లోపలి ఫిల్టర్ ఫొటో. సిలిండర్ గాలి మొదట తగిలేది ఈ చిన్న లోహపు ఫిల్టర్‌కే, కాబట్టి లోపలేం జరిగిందో చాలావరకు దీని ముఖం మీదే రాసి ఉంటుంది. వెండిలాగానో కంచులాగానో ఒకే రంగులో మెరుస్తుంటే మంచిదే. పచ్చగా చిలుము పట్టిందంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. డస్ట్ క్యాప్ పెట్టకుండా కడిగి ఉండొచ్చు, లేదా కడిగేటప్పుడు పర్జ్ బటన్ (సెకండ్ స్టేజ్ మీద గాలిని బయటికి వదిలే మీట) నొక్కడం వల్ల నీళ్లు సెకండ్ స్టేజ్ నుంచి హోసు గుండా పైకి ఎక్కి ఉండొచ్చు. ఎర్రటి పొడి ఉందంటే తుప్పు పట్టిన స్టీలు సిలిండర్‌తో వాడారు. నల్లగా ఉంటే కంప్రెసర్ ఫిల్టర్ నుంచి కార్బన్ పొడో నూనో వచ్చింది. ఎర్రపొడి, నలుపు సర్వీసింగ్‌తో పోవచ్చు. పచ్చ చిలుము లోతుగా దిగితే పోర్టుల లోపలి గోడలు, సీటు ఆనే అంచు కూడా తినేసి ఉంటుంది. ఆ రెగ్యులేటర్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

రెండో ఫొటో, హోసులు ఫస్ట్ స్టేజ్‌లోకి వెళ్లే మొదళ్లు. అక్కడ తెల్లటి ఉప్పు పొర, పచ్చదనం ఉంటే మరలు పట్టేసి ఉండొచ్చు. క్రోమ్ పూత మీద గీతలు ఫర్వాలేదు. పూత ఉబ్బి, పొరలుగా లేచి, కింద పచ్చగా కనిపిస్తే మాత్రం వద్దు. ఫస్ట్ స్టేజ్‌లో వాల్వుని కదిలించేది పిస్టన్ కావచ్చు, డయాఫ్రమ్ కావచ్చు. పిస్టన్ రకంలో పక్కన చిన్న రంధ్రాలుంటాయి. వాటిగుండా సముద్రపు నీరు లోపలి స్ప్రింగ్ దాకా వెళుతుంది. ఆ రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటే దాన్ని ఎన్నడూ సరిగా నానబెట్టి కడగలేదని అర్థం. యోక్ నట్టు మీద, మూత మీద పట్టకారు పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి. సరైన పనిముట్టు లేనివాళ్లు విప్పిన గుర్తులవి. లోపల ఇంకేం గీశారో ఫొటోలో తెలియదు.

మూడోది, హోసు చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు వెనక్కి జరిపి తీసిన ఫొటో. హోసు పగిలేది చాలాసార్లు ఆ తొడుగు కిందే, లోహపు అంచు దగ్గర. అల్లిక హోసులైతే బయట బాగానే కనిపిస్తూ లోపలి పొర చెడిపోయిన సందర్భాలున్నాయి. ఆ పొర ముక్కలు సెకండ్ స్టేజ్‌కి చేరి గాలికి అడ్డం పడగలవు. వయసు తెలియని అల్లిక హోసుని నిస్సంకోచంగా పారేయండి.

సీరియల్ నంబరు ఫొటో కూడా అడగాలి. నంబరు చెరిపేసి ఉంటే దొంగ సరుకు కావచ్చు. నంబరుంటే కంపెనీ రీకాల్ జాబితాల్లో వెతకొచ్చు. సెట్‌తో పాటు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వస్తుంటే దానిదీ చూడాలి, 2018లో సూంటో తన ట్యాంక్ ప్రెజర్ ట్రాన్స్‌మిటర్లను వెనక్కి పిలిచింది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ముద్ర పక్కన “10 డిగ్రీలకు పైన” అన్న గుర్తుంటే అది చన్నీళ్ల కోసం పరీక్షించినది కాదు. అంతకన్నా చల్లటి నీళ్లలో గడ్డకట్టి ఫ్రీఫ్లో అయ్యే (గాలి ఆగకుండా వచ్చేసే) ప్రమాదం ఎక్కువ.

డిస్కౌంట్‌లో వచ్చే కొత్తవాటి గురించి కొంచెం. అధీకృతం కాని అమ్మకందారు దగ్గర కొంటే కంపెనీ వారంటీ రాకపోవచ్చు. “జీవితాంతం ఉచిత విడిభాగాలు” లాంటి పథకాలు సాధారణంగా అధీకృత డీలర్ దగ్గర కొన్న మొదటి యజమానికే పరిమితం. వాటిని లెక్కలోంచి తీసేశాక కూడా గిట్టుబాటైతే కొనొచ్చు, సరుకు అదే. “వాడనిది, పెట్టెలో ఉంది, పదేళ్ల నాటిది” అన్న రకంతోనే ఎక్కువమంది మోసపోతారు. సెకండ్ స్టేజ్‌లో మెత్తటి సీటుని స్ప్రింగ్ ఎప్పుడూ లోహపు అంచు మీద నొక్కుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి అలా కూర్చుంటే సీటు మీద లోతైన గాడి పడుతుంది, గాలి సన్నగా కారడం మొదలవుతుంది. పెట్టె తెరవకపోయినా దానికీ పూర్తి సర్వీసింగ్ కావాలి.

అద్దెకు ఇచ్చి అమ్మేసేవాటిని చులకనగా చూడనక్కర్లేదు. ఎంకే2 లాంటి సాదా మోడలై, సర్వీసింగ్ పుస్తకం తేదీలతో సహా ఉంటే, అటకమీద పదేళ్లు పడి ఉన్న ఖరీదైన మోడల్ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

పార్సిల్ వచ్చాక తిరిగి పంపే గడువులోపే ఈ పరీక్షలు అయిపోవాలి.

సిలిండర్‌కి తగిలించకుండా, డస్ట్ క్యాప్ బిగించి, సెకండ్ స్టేజ్ నోట పెట్టుకుని మెల్లగా పీల్చండి. ఏమీ రాకూడదు, నాలుక లాగినట్టు అయి ఆగిపోవాలి. గాలి వస్తోందంటే నీళ్లలో అదే దారిన నీళ్లు నోట్లోకి వస్తాయి. మౌత్‌పీస్ టై దగ్గర చిరిగిందేమో, ఎగ్జాస్ట్ వాల్వు మడత పడిందో ఇసుక ఇరుక్కుందో, డయాఫ్రమ్‌కి చిల్లు పడిందో చూడాలి. ఆక్టోపస్‌నీ ఇలాగే పరీక్షించండి. దాన్ని ఎవరూ పట్టించుకోరు, అవసరం పడేది మాత్రం ఎవరికో ఊపిరందనప్పుడు.

తర్వాత ఇంటర్మీడియట్ ప్రెజర్, అంటే ఫస్ట్ స్టేజ్ తగ్గించి సెకండ్ స్టేజ్‌కి పంపే ఒత్తిడి. బీసీడీ (గాలి నింపి తేలేందుకు వాడే జాకెట్) ఇన్‌ఫ్లేటర్ హోసుకి తగిలించే చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి, పాత రెగ్యులేటర్ కొనేవాళ్లకి ఇంతకు మించిన పనిముట్టు లేదు. గేజ్ పెట్టినప్పుడు సెకండ్ స్టేజ్ కూడా తప్పకుండా బిగించి ఉండాలి, ఎందుకంటే ఒత్తిడి హద్దు దాటితే గాలిని బయటికి వదిలే దారి అదే. సెట్‌లోని సిలిండర్ ప్రెజర్ గేజ్ ముఖాన్ని మీ వైపు తిప్పుకోకుండా వాల్వు మెల్లగా తెరవండి. చాలా మోడళ్లలో ముల్లు 9 నుంచి 10 బార్ మధ్య ఆగుతుంది. ఖచ్చితమైన అంకె మోడల్ పత్రాల్లో ఉంటుంది. పర్జ్ బటన్ పదిసార్లు నొక్కి వదలండి. ప్రతిసారీ ముల్లు పడిపోయి, వెంటనే లేచి, అదే చోట ఆగాలి. ఆగాక మొదటి కొన్ని సెకన్లలో 0.2, 0.3 బార్ పాకితే పెద్ద తప్పు కాదు. ఐదు నిమిషాలు చూసినా ఇంకా మెల్లగా ఎక్కుతూనే ఉంటే హై ప్రెజర్ సీటు మూసుకోవడం లేదు. సీటు అరిగితే కిట్‌తో సరిపోతుంది. సీటు ఆనే లోహపు అంచుకే నొక్కు పడితే పిస్టన్ రకంలో పిస్టన్ మార్చాలి, డయాఫ్రమ్ రకాల్లో కొన్నింటికి ఆ అంచు బాడీలో భాగమే కాబట్టి బాడీయే పోయినట్టు.

ఇదే పరీక్ష 200 బార్ సిలిండర్‌తో ఒకసారి, 50 బార్ దగ్గర ఇంకోసారి చేయండి. బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్‌లో అంకె దాదాపు మారదు. ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్‌లో సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తగ్గుతుంది. అది దాని స్వభావం, లోపం కాదు.

సెకండ్ స్టేజ్ ఎంత తేలిగ్గా తెరుచుకుంటుందో తెలియాలంటే ఓ గిన్నె నీళ్లు చాలు. సర్దుబాటు నాబ్ ఉంటే పూర్తిగా వదులు చేసి, మౌత్‌పీస్ పైకి పెట్టి, మెల్లగా నీళ్లలోకి దించండి. సన్నటి బుస్సు మొదలైనప్పుడు డయాఫ్రమ్ నుంచి నీటిమట్టం ఎంత ఎత్తులో ఉందో చూడండి. 2.5 నుంచి 4 సెంటీమీటర్ల లోపైతే బాగుంది. నీళ్లు తగలగానే బుస్సుమంటే మరీ వదులు, 5 దాటితే బిగువు. గాలి ఆగకుండా వచ్చేస్తే కంగారుపడకుండా మౌత్‌పీస్ కిందికి తిప్పండి, ఆగిపోతుంది. చివరగా మొత్తం సెట్‌ని గాలి ఒత్తిడితోనే నీళ్లలో ముంచి, ఫస్ట్ స్టేజ్ రంధ్రాలు, హోసు మొదళ్లు, ప్రెజర్ గేజ్ వెనక భాగం దగ్గర బుడగలు వస్తున్నాయేమో ఐదు నిమిషాలు చూడండి. గేజ్ దగ్గర సన్నటి బుడగల వరుస కనిపిస్తే చాలావరకు హోసు చివర స్పూల్ (హోసునీ గేజ్‌నీ కలిపే చిన్న గొట్టం) మీది చిన్న ఓ-రింగులే కారణం.

ఇవన్నీ నెగ్గినా టెక్నీషియన్ దగ్గరికి పంపాల్సిందే. అప్పుడు అమ్మినవాళ్ల మాటల్ని కాదు, మీరు రాసుకున్న అంకెల్ని ఇవ్వండి: 200 బార్ దగ్గర ఎంత, 50 బార్ దగ్గర ఎంత, ఐదు నిమిషాల్లో ఎంత పాకింది. విప్పిన పాత సీట్లు, ఓ-రింగులు తిరిగి ఇవ్వమని అడగండి, మార్చారో లేదో తేలిపోతుంది. సర్వీసింగ్ అయ్యాక మొదటి కొన్ని డైవ్‌లు లోతు తక్కువ చోట చేసి ఇంటర్మీడియట్ ప్రెజర్ మళ్లీ కొలవండి. కొత్త సీటు లోహపు అంచు మీద కుదురుకునే క్రమంలో ఆ అంకె కొద్దిగా జరుగుతుంది, అవసరమైతే టెక్నీషియన్ దాన్ని మళ్లీ సరిచేస్తారు.