ఐకాన్ నొక్కితే ఏమీ రాలేదు: నా అనుభవం

నా లినక్స్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు, నేను రోజూ బొమ్మలు వేసే అప్లికేషన్ తెరుచుకోలేదు. ఐకాన్ నొక్కితే పాయింటర్ పక్కన చక్రం కాసేపు తిరిగి ఆగిపోయేది. ఎర్రర్ మెసేజ్ కూడా లేదు. తీసేసి రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అదే తంతు. సగంలో ఉన్న పని అందులోనే ఉండిపోవడంతో టెన్షన్ పట్టుకుంది.

టెర్మినల్‌లోంచి (కమాండ్లు టైప్ చేసే విండో) నడిపాక గానీ అసలు సంగతి బయటపడలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదట, సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీలో (చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలు) 'జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ 3.4.30' అనే వెర్షన్ గుర్తు దొరకలేదట. వెంటనే, ప్రోగ్రామ్‌కి కావలసిన లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూశాను. అన్నీ ఉన్నట్టే చూపించింది, 'నాట్ ఫౌండ్' అన్న లైను ఒక్కటీ లేదు. దీంతో ఒక పూటంతా పోయింది. మొదలవుతూనే కావలసిన లైబ్రరీలనే ఎల్‌డీడీ చూపిస్తుంది. డ్రైవర్‌ని మాత్రం ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యలో తెచ్చుకుంటుంది, అందుకే అది ఆ జాబితాలోకి రాదు.

చివరికి దారి చూపింది ఎల్‌డీ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ నడిపేముందు ఇచ్చే సెట్టింగ్. ఆ వేరియబుల్‌కి 'లిబ్స్' అని ఇచ్చి నడిపితే, ఏ లైబ్రరీ కోసం ఏ ఫోల్డర్లు వెతికిందో, ఏ ఫైలు తెరిచిందో వరసగా రాస్తుంది. వేల లైన్లు వస్తాయి, ఎల్‌డీ డీబగ్ అవుట్‌పుట్ అనే మరో వేరియబుల్‌తో ఫైల్లోకి మళ్లించుకుంటేనే చదవగలం. అందులో కనిపించింది: అప్లికేషన్‌ని మొదలుపెట్టే స్క్రిప్టు, లైబ్రరీలు వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా అయిన ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో తన ఫోల్డర్‌ని ముందు పెడుతోంది. అక్కడ ఆ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ పాత కాపీ ఉంది. ఫైల్లోని అక్షరాలు బయటికి తీసే స్ట్రింగ్స్ కమాండ్‌తో చూస్తే 3.4.25 దగ్గరే ఆగిపోయింది, అంటే జీసీసీ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) 8 నాటిది. కొత్త డ్రైవర్‌కి కావలసిన 3.4.30 వచ్చింది జీసీసీ 12తో. ఒకే పేరున్న లైబ్రరీ ఒకసారి లోడయ్యాక, తర్వాత దాన్ని అడిగిన డ్రైవర్‌కైనా అదే గతి.

సిస్టమ్ లైబ్రరీల జోలికి వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. అప్లికేషన్ ఫోల్డర్‌లోని పాత కాపీకే పేరు మార్చాను. ఈ లైబ్రరీ కొత్త వెర్షన్లు పాత ప్రోగ్రాములకూ పనికొచ్చేలా తయారుచేస్తారు కాబట్టి భయం లేకుండా చేశాను. ఈసారి విండో తెరుచుకుంది, సగంలో ఆగిన బొమ్మ అలాగే ఉంది.

తర్వాతి అప్‌డేట్ ఆ పాత ఫైలుని మళ్లీ తెచ్చిపెట్టింది. ఈసారి పాత కాపీ లోడైనట్టు చూపే లాగ్ లైన్లు జతచేసి అప్లికేషన్ తయారుచేసినవాళ్లకి పంపాను.