మైలాపూర్ కోనేరు పనోరమా: ఎక్కడో ఒక మెట్టు తగ్గింది

చాలా ఫొటోలు పక్కపక్కన అతికించి ఒకే వెడల్పాటి ఫొటో (పనోరమా) చేస్తుంటాను. చెన్నై మైలాపూర్‌లోని కపాలీశ్వరర్ గుడి కోనేరు మాత్రం ఇంకా లొంగలేదు. నేపియర్ వంతెన ఒక్క దెబ్బకు అతుక్కుంది, సెయింట్ థామస్ మౌంట్ మీద నుంచి తీసినదైతే ఫోన్‌లో కూడా బాగానే వచ్చింది. ఇదొక్కటే పీకల మీదికి తెస్తోంది.

పడమటి గట్టు మధ్యలో నిలబడి తూర్పుకు తిరిగి తీస్తున్నాను. పొద్దున్న అయితే సూర్యుడు గోపురాల వెనక నుంచి కళ్లలో కొడతాడు కాబట్టి సాయంత్రమే దిక్కు. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్‌-సీ కెమెరాకు సిగ్మా 30 ఎం.ఎం. లెన్స్ పెట్టి, కెమెరాను నిలువుగా బిగించి, ఫ్రేముకు 20 డిగ్రీల చొప్పున తిప్పాను. 9 ఫ్రేముల్లో 180 డిగ్రీలు దాటిపోతుంది. ఓవర్‌ల్యాప్, అంటే పక్క ఫ్రేములోనూ పడే భాగం, దాదాపు మూడో వంతు. పుస్తకం లెక్కల ప్రకారం ఇది చాలాలి.

ఫొటోలు అతికించే ఉచిత ప్రోగ్రాం హగిన్ వీటిని అతికించేసింది. రెండు ఫ్రేముల్లో ఒకే చోటు అని తను జతచేసిన గుర్తుల (కంట్రోల్ పాయింట్ల) మధ్య సగటు తేడా 1.1 పిక్సెల్ అని చూపించి, అంతా భేష్ అన్నట్టు మాట్లాడింది. వంద శాతం జూమ్‌లో చూస్తే రెండో ఫ్రేముకూ మూడో ఫ్రేముకూ మధ్య అతుకు దగ్గర, ఉత్తరపు గట్టు మీద, మెట్లు అద్దంలా కలిశాయి. కానీ మెట్ల పైన ఉన్న గోడ విరిగింది, మెట్ల కింద నీటి అంచూ విరిగింది. రెండూ ఒకే వైపుకు, ఒకే కొలతలో: 17 పిక్సెళ్లు.

మామూలుగా ఇలాంటిది చూడగానే అందరం పారలాక్స్ అనేస్తాం, అంటే లెన్స్ కాస్త జరగడం వల్ల దగ్గరివీ దూరానివీ వేర్వేరుగా జరిగినట్టు కనిపించడం. నేనూ నోడల్ పాయింట్ (దాని చుట్టూ తిప్పితే పారలాక్స్ రాని బిందువు) మళ్లీ కొలుద్దామని, ట్రైపాడ్ మీద కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే స్లైడర్ విప్పబోయాను. ఆగి లెక్క వేస్తే అది కుదరని పని అని తేలింది. ఈ సెన్సర్‌కూ ఈ లెన్స్‌కూ ఫోకల్ లెంగ్త్ పిక్సెళ్లలో సుమారు 7,660. మ్యాప్‌లో కొలిస్తే అతుకు పడిన చోటు నాకు 90 మీటర్ల దూరంలో ఉంది. ఆ దూరంలో ఒక పిక్సెల్ అంటే 12 మిల్లీమీటర్ల లోపే. 17 పిక్సెళ్లంటే 20 సెంటీమీటర్లు. పారలాక్స్ వల్ల అంత తేడా రావాలంటే రెండు ఫ్రేముల మధ్య లెన్స్ జానెడు దూరం జరిగి ఉండాలి. నా స్లైడర్ మొత్తం పొడవే అంత లేదు.

ఆ 20 సెంటీమీటర్ల దగ్గరే అనుమానం వచ్చింది. అది మెట్టు ఎత్తు కదా! అతుకు దగ్గర కలిసిన ఒక మెట్టును పట్టుకుని, ఎడమ పక్కా కుడి పక్కా గోడ నుంచి దాని దాకా మెట్లు లెక్కపెట్టాను. ఎడమ పక్క ఒకటి తక్కువ.

జరిగింది ఇది. కోనేటి మెట్లన్నీ ఒకే రాయి, ఒకే ఎత్తు, ఒకే నీడ. కంట్రోల్ పాయింట్లు వెతికే ప్రోగ్రాముకు ఏడో మెట్టుకూ ఎనిమిదో మెట్టుకూ తేడా ఎలా తెలుస్తుంది? పైన చెట్ల ఆకులు కదులుతుంటాయి, కింద నీళ్లు కదులుతుంటాయి, ఆకాశంలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ 9 డిగ్రీల ఓవర్‌ల్యాప్‌లో గోడను పక్కన పెడితే కదలకుండా ఉన్నవి మెట్లే. పాయింట్లన్నీ వాటి మీదే పడ్డాయి, అన్నీ కలిసికట్టుగా ఒక మెట్టు పక్కకు జరిగాయి. అన్నీ ఒకేలా జరిగాయి కాబట్టి వాటిలో వాటికి గొడవ లేదు, అందుకే సగటు తేడా అంత ముచ్చటగా ఉంది. పాయింట్లను బట్టి ఫ్రేములను సర్దే ఆప్టిమైజర్ రెండో ఫ్రేమును 0.13 డిగ్రీలు వంచి చేతులు దులుపుకుంది. ఒకటో ఫ్రేము కూడా దాని వెంటే వెళ్లింది. నెంబర్ చూసి నమ్మేవాళ్లకు ఈ బొమ్మ పంపాలనిపించింది.

తప్పు పాయింట్లను ఏరేసే సీపీక్లీన్ నడిపితే ఫలితం సున్నా. అది గుంపు నుంచి విడిపోయిన పాయింట్లను తీసేస్తుంది. ఇక్కడ గుంపే తప్పు. ఆ జత మధ్య మెట్ల మీద పాయింట్లన్నీ చేత్తో తీసేసి, గోడ మీద పెచ్చు ఊడిన మరకలు వెతికి ఆరు పాయింట్లు పెట్టాను. గోడ కలిసింది. మెట్ల లెక్క రెండు పక్కలా సరిపోయింది. కానీ ఇప్పుడు నీటి అంచు దగ్గర అడ్డంగా 6 పిక్సెళ్ల తేడా.

దీనికి నా ఊహ ఇది: ఆరు పాయింట్లూ గోడ మీద ఒక చిన్న ముక్కలోనే ఉన్నాయి. రెండు ఫ్రేముల ఎత్తు కుదరడానికి అవి చాలు, ఫ్రేము పక్కకు ఎంత ఒరిగిందో తేల్చడానికి చాలవు. గోడ నుంచి నీటి అంచు దాకా ఫొటోలో 700 పిక్సెళ్లు ఉంటుంది. అర డిగ్రీ ఒరిగితే చాలు, 6 పిక్సెళ్లు వచ్చేస్తాయి. అందుకని గట్టు వెనక భవనాల నిలువు అంచుల మీద వర్టికల్ లైన్ పాయింట్లు పెట్టాను. ఒకే ఫ్రేములో ఒకే అంచు మీద పైన ఒకటి, కింద ఒకటి. దాంతో రెండో ఫ్రేము నిటారుగా నిలబడింది. నీటి అంచులో తేడా 2 పిక్సెళ్లకు దిగింది.

నీళ్ల మీద పడిన పాయింట్లన్నీ మాత్రం కనికరం లేకుండా తీసేయండి. మండపం నీడ నీళ్లలో ఎంత చక్కగా కనిపించినా, రెండు క్లిక్కుల మధ్య అల దాన్ని కదిపేస్తుంది.

ఇక మిగిలింది కోనేటి ఇనుప గ్రిల్. అది నాకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ఫ్రేముల కింది భాగంలో 22 పిక్సెళ్లు విరుగుతోంది. ఇది మాత్రం నికార్సైన పారలాక్సే. వెనక్కి లెక్కిస్తే తిరిగే ఇరుసుకూ నోడల్ పాయింట్‌కూ మధ్య 5 మిల్లీమీటర్ల తేడా వస్తోంది. స్లైడర్ మీద గీత గీసింది ఇంట్లో, రెండు మీటర్ల దూరానికి ఫోకస్ పెట్టి. ఇక్కడ ఫోకస్ దూరాన ఉంది. ఫోకస్‌తో పాటు ఆ పాయింట్ కూడా జరుగుతోందని నా అనుమానం. ఈసారి ఇన్ఫినిటీలో లాక్ చేసి మళ్లీ కొలవాలి. లేదంటే ట్రైపాడ్‌ను గ్రిల్‌కు ఆనించి, లెన్స్‌ను రెండు కడ్డీల మధ్య నుంచి బయటికి పెట్టడమే మేలు. గ్రిల్ ఫొటోలో లేకపోతే దాని గొడవే లేదు.

అన్నట్టు, ట్రైపాడ్ మీద అల్యూమినియం ముక్కలు, గుండ్రటి డిగ్రీల బిళ్ల చూసి ఒక పెద్దాయన మెట్రో సర్వేనా అని అడిగారు. ఆ చుట్టుపక్కల ఉన్న బారికేడ్లు చూస్తే ఆయన అనుమానంలో తప్పులేదు. కాదంటే నమ్మినట్టు లేదు.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఇవే ఫ్రేములు ఇలాంటిదే మరో ప్రోగ్రాం పీటీగుయ్ ట్రయల్‌లో వేసి చూశాను. వేగం అద్భుతం, కానీ అదీ ఈ మెట్ల దగ్గరే బోల్తా పడింది. వాటర్‌మార్క్ పోవాలంటే యూరోల్లో డబ్బు కట్టాలి, ఏడాదికి నాలుగు పనోరమాలు తీసే నాలాంటివాడికి అది దండగ. లైట్‌రూమ్‌లో అంచులను సాగదీసి ఫ్రేము నింపే బౌండరీ వార్ప్ గోపురానికి పొట్ట తెప్పిస్తుంది, దాని జోలికి వెళ్లను. మైక్రోసాఫ్ట్ వాళ్ల అతికించే ప్రోగ్రాం ఐస్ ఉన్నన్నాళ్లూ సుఖంగా ఉన్నాం, ఇప్పుడు దాన్ని వాళ్లే వదిలేశారు. హగిన్ ముఖం మొద్దుగా ఉన్నా, లోపల ఏం చేస్తోందో మొత్తం చూపిస్తుంది. ఈ ఒక మెట్టు దొంగతనం పట్టుకోగలిగింది అందువల్లే.

ప్రొజెక్షన్, అంటే చుట్టూ తిప్పి తీసిన దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతి, మాత్రం ఈసారి బాగా కుదిరింది. సిలిండ్రికల్‌లో పక్క గట్లు రెండూ అరటిపండ్లలా వంగాయి. పానిని అనే మరో ప్రొజెక్షన్ పెట్టి, వెడల్పు 150 డిగ్రీలకు కోసి, మధ్య బిందువును సరిగ్గా ఎదుటి గట్టు నడుమ పెట్టాను. ఆ మధ్య నుంచి విచ్చుకునే గీతలన్నీ పానినిలో తిన్నగా ఉంటాయి. ఉత్తర, దక్షిణ గట్ల మెట్లు రెండూ అక్కడికే పరుగెత్తేవి కాబట్టి కర్ర పెట్టి గీసినట్టు వచ్చాయి. ఎదుటి గట్టు కొంచెం వంగుతుంది. స్క్వీజ్ స్లైడర్ కాస్త కదిపితే కళ్లకు తెలియదు.

వచ్చేసారి 20 డిగ్రీలు కాదు, 15 డిగ్రీలకే తిప్పుతాను. ఓవర్‌ల్యాప్ సగానికి చేరుతుంది, 12 ఫ్రేములు అవుతాయి. మెట్లతో పాటు ఏదో ఒక భవనం మూలో, దీపస్తంభమో ప్రతి ఓవర్‌ల్యాప్‌లోనూ పడుతుందని ఆశ.

ఇదంతా తమిళుల తై నెలలో (జనవరి-ఫిబ్రవరి) జరిగే తెప్పోత్సవం కోసం. మూడు రాత్రులు తెప్ప కోనేటి చుట్టూ తిరుగుతుంది. 12 ఫ్రేములు తీసేలోగా అది మూడు నాలుగు ఫ్రేముల్లో కనిపిస్తుంది కాబట్టి, ఒకదాంట్లో ఉంచి మిగతావాటిలో మాస్క్ వేసి దాచాలి. చీకట్లో జనం లేని వేళ ముందే ఖాళీ కోనేటికి ఒక టెంప్లేట్ (ఫ్రేముల అమరిక) తయారు చేసుకుని, అదే ట్రైపాడ్ స్థానంలో ఉత్సవం ఫ్రేములకు దాన్నే వాడొచ్చా అని ఆలోచిస్తున్నాను. ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద సుద్ద గీతలు ఆ జనంలో మిగలవు, గ్రిల్ కడ్డీకి రంగు టేపు చుట్టాలేమో. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు గండికోట లోయ కూడా తీయాలి. అక్కడ పెన్నా గట్టు రాళ్లు ఒకదానితో ఒకటి పోలవు, హగిన్‌కు సెలవు దొరికినట్టే.