పాత స్లీపరు చెక్క, మే నెల ఎండ

పశువుల కొట్టానికి గుంజలు కావాలని డోర్నకల్ దగ్గర పన్నెండు పాత రైల్వే స్లీపర్లు కొన్నాను. పట్టాల కింద సిమెంటువి వేశాక తీసేసిన చెక్కలు. చెద పట్టదు, వానకు కుళ్లదు, టేకు కంటే ఎంతో చవక.

"మబ్బు పట్టినంక కోద్దామన్నా" అన్నాడు వడ్లాయన. పని తప్పించుకుంటున్నాడనుకుని మిషన్ రంపం నేనే పట్టాను. మే నెల, ఒంటి మీద బనీను, లుంగీ. పైకి బూడిదరంగులో ఎండిపోయినట్టున్న చెక్క లోపల నల్లగా జిగటగా ఉంది. తారు వాసన. రంపపు పొట్టు అంతా చెమటకు అంటుకుని మెడ మీద, చేతుల మీద పేరుకుంది. మధ్యాహ్నానికి మంట మొదలైంది. నీడకు వస్తే తగ్గేది, మళ్లీ ఎండలోకి వెళ్తే కారం రాసినట్టుండేది. వడదెబ్బేమో అనుకున్నాను.

సాయంత్రం ఆ నలుపు పోవాలని కిరసనాయిలుతో రుద్దుకోవడం నేను చేసిన రెండో తెలివితక్కువ పని. రాత్రికి చేతులు ఉబ్బాయి, కళ్లు తెరవలేకపోయాను. తెల్లారేసరికి బొబ్బలు. బనీను కప్పినంత మేర మాత్రం ఏమీ లేదు, గీత గీసినట్టు.

ఖమ్మంలో చర్మం డాక్టరమ్మ ఆ గీత చూసే "ఏం పని చేశారు?" అనడిగింది. స్లీపర్లకు పట్టించేది క్రియోసోట్ అట. బొగ్గు తారును కాచి తీసే నూనె. ఒత్తిడి పెట్టి చెక్క లోపలికి ఎక్కిస్తారు కాబట్టి ఏళ్లు గడిచినా పోదు. అది చర్మానికి అంటి ఉండగా ఎండ పడితే ఆ చోటల్లా కాలుతుంది. కిరసనాయిలు దాన్ని ఇంకా లోపలికి ఇంకించిందని, వంటనూనె రాసి సబ్బుతో కడుక్కోవాల్సిందని చెప్పింది.

"క్యాన్సర్ గానీ వస్తుందా మేడమ్?"

"ఏళ్ల తరబడి అందులోనే పనిచేసేవాళ్లకు ఆ ముప్పు ఉంది. ఒక్కరోజుకు టెన్షన్ పడకండి. రెండో రోజు మాత్రం వద్దు."

స్టెరాయిడ్ క్రీము, తడిగుడ్డ, రెండు వారాలు ఇంటిపట్టునే. ఖాళీగా కూర్చుని ఫోన్‌లో చదివితే తెలిసింది, యూరప్‌లో మామూలు జనానికి దీన్ని అమ్మడం 2003లోనే ఆపేశారని. బొబ్బలు మాని పొరలు లేచాయి. నల్లమచ్చలు మాత్రం దీపావళి దాకా ఉన్నాయి.

ఈలోగా అమ్మ ఆ ముక్కలన్నీ వేన్నీళ్ల పొయ్యి దగ్గర పేర్చింది, ఇట్టే అంటుకుంటాయని సంబరంగా. ఆ పొగ ఒంటికి మంచిది కాదంటే వినదే! "మీ తాత చుట్ట కాల్చి తొంభై ఏళ్లు బతికాడు" అంది. చివరికి గోనెసంచుల్లో కట్టి అమ్మినాయనకే తిరిగిచ్చాను. ఆయన నవ్వాడు.

మిగిలిన స్లీపర్లను కోయకుండా చేను చివర, బావికి దూరంగా పాతించాం. జూలైలో, ముసురు పట్టిన రోజున వచ్చాడు వడ్లాయన. నిండు చేతుల చొక్కా, చేతులకు గ్లవ్స్, ముఖానికి తువ్వాలు. ఎందుకని ఈసారి నేను అడగలేదు.