స్టాండుకు అతికించిన డిస్కు

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా స్టూడియో. పెండ్లి ఆల్బమ్‌లన్నీ 2015 నాటి 21.5 అంగుళాల ఐమ్యాక్ (స్క్రీన్‌లోనే అంతా ఇమిడి ఉండే ఆపిల్ కంప్యూటర్) మీదే డిజైన్ చేస్తాను. పొద్దున దాన్ని ఆన్ చేసి, ఎదురు హోటల్లో చాయ్ తాగి వచ్చినా ఆపిల్ గుర్తు కింద గీత సగమే నిండేది. ఫోటోషాప్ తెరుచుకోవాలంటే ఇంకో చాయ్.

లోపల ఉన్నది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు. 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచుకోలేం. ర్యామ్ నిండిందంటే మిగతా భారమంతా డిస్కు మీద పడుతుంది. అదేమో ముందే కుంటిది. హైదరాబాద్‌లో ఒక రిపేర్ షాపులో అడిగితే, "అన్నా, స్క్రీన్ గమ్ముతో అంటించి ఉంటది, కోసి తీయాలె. పగిలితే మాకు సంబంధం లేదు" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

ఆషాఢంలో పెండ్లిళ్లు ఉండవు. అప్పుడు కొన్నాను, 500 జీబీ బయటి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే చక్రం లేని వేగమైన డిస్కు. డిస్క్ యుటిలిటీలో దాన్ని ఏపీఎఫ్ఎస్‌కు (ఆపిల్ వాడే డిస్కు ఫార్మాట్) మార్చి, కమాండ్, ఆర్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేసి, ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ మాంటెరీని దాని మీదికే ఎక్కించాను. పాత డిస్కు నుంచి నా ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు రావడానికి ఒక రాత్రి పట్టింది.

తెల్లారి చూస్తే అనుకున్నంత తేడా లేదు. పైసలు మూసీలో పోసినట్టేనా అని టెన్షన్. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తీస్తే వేగం సెకనుకు 480 మెగాబిట్లే. తప్పు నాదే. పెన్‌డ్రైవ్‌లు పెట్టే పాత హబ్‌కు గుచ్చాను, అది యూఎస్‌బీ 2, పాత నెమ్మది రకం. తీసి నేరుగా ఐమ్యాక్ వెనక పోర్టులో పెడితే 5 గిగాబిట్లు చూపించింది. అంతే, అరనిమిషంలో డెస్క్‌టాప్ వచ్చేసింది. ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ వాడుకునే చోటు, స్క్రాచ్ డిస్కును కూడా దీనికే మార్చాను. నలభై షీట్ల ఆల్బమ్ తిప్పుతుంటే ఆగమని తిరిగే ఆ రంగుల చక్రం కనిపించడమే తక్కువైంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం పెద్దగా మారలేదు, అది ప్రాసెసర్ పని. ఒరిజినల్ ఫోటోలు ఇంకా లోపలి డిస్కులోనే ఉన్నాయి, వాటికి ఆ వేగం చాలు.

మొన్న మా మేనల్లుడు టేబుల్ తుడుస్తూ కేబుల్ గుంజాడు. స్క్రీన్ ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. అరగంట పని పోయింది. "చిన్న డబ్బానే కదా మామా" అంటాడు. ఆల్బమ్‌లకు వాడే డబుల్ టేపుతోనే దాన్ని స్టాండు వెనక అతికించాను. వాడికి ఇప్పుడు ఆ టేబుల్ తుడిచే పని లేదు.