అరకు ఘాటీలో ఎడమ మర నట్లు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మామూలు కారుకి మూడు గంటల దారి. 1943 నాటి విల్లీస్ ఎంబీ, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక జీపులో వెళ్తే మాత్రం ఒక పూట పడుతుందని ముందే అనుకోవాలి. ఆ బండికి ఇంజనుకన్నా ముందు చక్రాలు చూసుకోవాలి. అందుకే వెళ్లేటప్పుడు మూడు చోట్ల ఆగాలని బయల్దేరకముందే రాసి పెట్టుకున్నాం.

పెందుర్తి దగ్గర గాలి పట్టించడానికి ఆపాం. షాపు కుర్రాడు నట్లు కూడా బిగించేద్దామని ఎయిర్ గన్ను పట్టుకుని ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు.

"బాబూ, గన్ను పెట్టకు. ఈ పక్కవి ఉల్టా మర."

"అలా కూడా ఉంటాయాండీ?"

ఉంటాయి. ఈ జీపులో చక్రానికి ఐదేసి నట్లు. నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు, అర అంగుళం లావు, అంగుళానికి 20 మరలు. కుడి పక్క పదీ మనందరికీ తెలిసిన మామూలు మరవి. ఎడమ పక్క పదింటిదీ ఎడమ మర, అంటే కుడికి తిప్పితే ఊడతాయి, ఎడమకి తిప్పితే బిగుస్తాయి. బండి ముందుకి పరుగెడుతున్నప్పుడు చక్రం తిరిగే తీరుకి నట్టు దానంతటదే వదులు కాకూడదని అప్పటివాళ్లు ఇలా పెట్టారు. తెలియనివాళ్లు ఊడదీస్తున్నామనుకుని గన్ను నొక్కితే నట్టు ఇంకా బిగుస్తుంది. ఆఖరికి స్టడ్డు మెడ దగ్గర తెగుతుంది, లేదా మర పోతుంది. చాలా స్టడ్ల కొనమీద 'ఎల్' అని చెక్కి ఉంటుంది కానీ ఎనభై ఏళ్ల తుప్పూ పెయింటూ దాన్ని కప్పేస్తాయి. వైరు బ్రష్షుతో నాలుగుసార్లు రుద్ది కొన చూశాకే పానా పెట్టాలి. ఒకే చక్రంలో ఎవరో మార్చిన కుడి మర స్టడ్డు ఒకటి కలిసి ఉండే బళ్లూ ఉన్నాయి కాబట్టి ఐదింటినీ విడివిడిగా చూడటం మంచిది.

తెగిన స్టడ్డు మార్చడం ఒక పూటలో తేలే పని కాదు. ఈ జీపులో హబ్బునీ (చక్రం నడిమధ్య దిమ్మె) బ్రేకు డ్రమ్మునీ కలిపి పట్టేది ఈ స్టడ్లే. బిగించాక వాటి మెడ చుట్టూ లోహాన్ని నొక్కి పరిచి ఉంటారు. ఆ అంచుని కోసి తీయకుండా సుత్తితో బాదితే హబ్బు రంధ్రం వెడల్పవుతుంది, కొత్త స్టడ్డు అందులో వదులుగా తిరుగుతుంది. డ్రమ్ము కూడా నడిమధ్య నుంచి తప్పుకుని బ్రేకు వేసినప్పుడల్లా కొట్టుకుంటుంది. ఎయిర్ గన్ను అంటే మేం అంత భయపడటానికి కారణం ఇదే.

పెందుర్తి దాటి కొత్తవలసలో మళ్లీ టార్క్ రెంచి, అంటే బిగింపు బలాన్ని అంకెల్లో చూపే పానా, తీశాం. బిగింపు లెక్క 65 నుంచి 75 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 90 నుంచి 100 న్యూటన్ మీటర్లు. మర పొడిగా ఉండాలి. నూనె రాస్తే రెంచి అదే అంకె చూపిస్తుంది కానీ స్టడ్డు మీద లాగుడు చాలా పెరిగిపోతుంది. వరసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు, మూడు విడతల్లో బిగించాలి. విశాఖలో అలాగే బిగించి బయల్దేరాం. అయినా కొత్తవలసలో ఎడమ వెనక చక్రం నట్లు రెండు ఎనిమిదో వంతు చుట్టు తిరిగాయి. తప్పు నట్టుది కాదు, పెయింటుది. రిమ్ముకి ఈమధ్యే రంగు వేశారు. నట్టు కోను, అంటే దాని వాలుగా ఉన్న మొన, కూర్చునే చోట కూడా మందంగా పడింది. బరువు పడ్డాక ఆ పొర నలిగి పలచబడుతుంది, అంతమేరకు బిగింపు పోతుంది. నట్లు ఒక్కొక్కటే తీసి, కోను కూర్చునే చోట బ్లేడుతో గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి మళ్లీ బిగించాం. ఎడమ మర ఉందని ధీమాగా ఉండేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కోను సీటు మీద పూర్తిగా కూర్చుంటే ఏ మరైనా నిలుస్తుంది. కూర్చోకపోతే ఎడమ మర కూడా కాపాడదు. నట్టు చుట్టూ తుప్పురంగు చారలు బయటికి పాకినట్టు కనిపిస్తే అది కదులుతోందనే అర్థం. అలాంటప్పుడు రిమ్ము రంధ్రం కోడిగుడ్డులా సాగిందేమో కూడా చూడాలి.

శృంగవరపుకోట దాటాక బొడ్డవర దగ్గర్నుంచి ఎక్కుడు మొదలు. అక్కడ మిగతా బళ్లలా తొందరపడకుండా రెండో గేరులో వెళ్లాం. టైడా దగ్గర చదునైన చోట ఆపి, నాలుగు హబ్బుల మీదా అరచెయ్యి పెట్టి చూశాం. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనకది మూడు సెకన్లు కూడా పట్టుకోలేనంత వేడి. డ్రమ్ము అంచు వేడెక్కితే బ్రేకు షూ రాసుకుంటోందని, నడిమధ్య వేడెక్కితే బేరింగుదని అనుమానించాలి. ఎక్కుడులో బ్రేకు తొక్కింది తక్కువ, డ్రమ్ము అంచు చల్లగానే ఉంది. తప్పు బేరింగుదే.

ఈ బండి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల మీద కాదు, గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి తిప్పుడు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపినా, యాక్సిల్ షాఫ్టు ఒకటి బయటికి లాగినా రెండు వెనక చక్రాలకీ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ గుండా ఆ పట్టు పోతుంది, బండి దొర్లుతుంది. అందుకని నేలమీద ఉన్న మూడు చక్రాలకీ ముందూ వెనకా రాళ్లు పెట్టి, చెక్క దిమ్మె మీద జాకీ నిలిపి, అప్పుడు చక్రం లేపాం.

వెనక యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్. బండి బరువంతా హబ్బు బేరింగుల మీదే, షాఫ్టు పని తిప్పడం ఒక్కటే. కాబట్టి చక్రం బిగించి ఉండగానే షాఫ్టు తీయొచ్చు. షాఫ్టు చివర పళ్లెంలాంటి ఫ్లాంజికి ఆరు బోల్టులు, 3/8 అంగుళాలవి, కింద స్ప్రింగు వాషర్లు. తీశాక ఫ్లాంజి అంటుకుపోయి ఉంటుంది. సందులో ఉలి దూర్చకూడదు. అంచు నలిగితే కాగితం గ్యాస్కెట్ ఎన్నిసార్లు వేసినా నూనె కారుతుంది. ఇత్తడి ముక్క అడ్డంపెట్టి పక్కనుంచి మెల్లగా తడితే వదులుతుంది. షాఫ్టు వచ్చాక లోపల రెండు పెద్ద నట్లు, వాటి మధ్య మడిచే లాక్ వాషరు కనిపిస్తాయి. వీటికి 2 అంగుళాల 1/8 సాకెట్ కావాలి. 54 మిల్లీమీటర్లది సరిపోతుంది. ఈ నట్లు రెండు పక్కలా మామూలు మరే. చక్రం నట్ల లెక్క ఇక్కడ పనికిరాదు.

వాషరు మడత లేపి, పై నట్టు తీసి చూస్తే సంగతి తెలిసింది. వాషరుని ఇదివరకు మడిచిన చోటే మళ్లీ మడిచారు. ఆ మడత చీలి, సగం తెగి వేలాడుతోంది. పట్టు లేకపోవడంతో లోపలి నట్టు తిరిగి, ఇంకా లోపలికి బిగుసుకుంది. లోపలి నట్టు, దాని కింద నాలుకున్న వాషరు తీసి, చక్రాన్ని కొంచెం అటూ ఇటూ కదిపితే బయటి బేరింగు చేతిలోకి వచ్చింది. గ్రీజు వేడికి నీళ్లలా కారింది. రోలర్లు నీలిరంగుకి తిరగలేదు కాబట్టి మళ్లీ వాడొచ్చు. నీలం కనిపిస్తే బేరింగు కోనూ (రోలర్లున్న లోపలి భాగం) కప్పూ (హబ్బులో ఉండే బయటి వలయం) రెండూ మార్చాలి, కోను ఒక్కటే మార్చి లాభం లేదు. కిరసనాయిల్లో కడిగి, గాలికి ఆరనిచ్చి, పెద్ద అంచు నుంచి చిన్న అంచు మీదుగా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా అరచేత్తో నింపాం. హబ్బు కుహరాన్ని నింపకూడదు, పలచని పూత చాలు. ఎక్కువైన గ్రీజు వేడికి సీలు దాటి బ్రేకు లైనింగు మీదకి పోతుంది.

ఇక బిగింపు. చక్రాన్ని చేత్తో తిప్పుతూనే లోపలి నట్టుని అది పట్టేసేదాకా బిగించాలి. తర్వాత ఆరో వంతు చుట్టు, అంటే ఆరు పలకల నట్టుకి సరిగ్గా ఒక పలక, వెనక్కి తిప్పాలి. కొత్త లాక్ వాషరు వేసి, పై నట్టు బిగించాక చక్రం పైభాగం, కిందిభాగం పట్టుకుని ఊపి చూశాం. పై నట్టు బిగించేటప్పుడు లోపలిది కూడా కొద్దిగా కదులుతుంది, అందుకే ఈ పరీక్ష బిగించాకే చెయ్యాలి. ఊగకుండా, తేలిగ్గా తిరిగింది. వాషరు అంచుని ఒక పలక మీదకి మడిచాం. కొత్త కాగితం గ్యాస్కెట్, ఆరు బోల్టులు. మొత్తం గంటన్నర పట్టింది. లోపలి బేరింగు జోలికి పోలేదు. దాన్ని తీయాలంటే హబ్బు మొత్తం రావాలి, గ్రీజు సీలు కొత్తది వెయ్యాలి. అది రోడ్డు పక్కన, దుమ్ములో చేసే పని కాదు.

అనంతగిరి దాటి గాలికొండ దగ్గర మంచు దిగుతుంటే మరోసారి చెయ్యి పెట్టి చూశాం. నాలుగూ ఒకేలా ఉన్నాయి. అరకులో మర్నాడు పొద్దున్నే చల్లని హబ్బు మీద చక్రం నట్లు రెంచితో సరిచూస్తే ఒక్కటీ కదల్లేదు. లోపలి బేరింగు కూడా అక్కడే, నీడలో, కొత్త సీలుతో చేసుకున్నాం. యుద్ధకాలపు నిర్వహణ లెక్కలో 6,000 మైళ్లకోసారి, అంటే దాదాపు 9,600 కిలోమీటర్లకి, ఈ బేరింగులు విప్పి గ్రీజు మార్చాలి. ఏడాదికి వెయ్యి కూడా తిరగని బండికి ఆ మైళ్ల లెక్క సరిపోదు. గ్రీజు గట్టిపడుతుంది కాబట్టి రెండేళ్లకోసారి విప్పడమే నయం.

దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి ఇంజను పట్టు మీద దిగాం, బ్రేకు చివర్లో మాత్రమే. బొడ్డవరలో ఆపి చూస్తే నాలుగు డ్రమ్ములూ వేడిగా, నాలుగు హబ్బుల నడిమధ్యలూ గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనక గ్యాస్కెట్ చుట్టూ వేలు తిప్పితే పొడిగానే ఉంది.