నేల మీద తడి చుక్కలు

మూడు నెలలుగా ప్రతి శనివారం సాయంత్రం బ్యాండ్ మేళం ప్రాక్టీసుకి వెళ్లి, ఒక మూల స్టూలు వేసుకుని బొమ్మలు గీస్తున్నాను.

మొదట్లో నా చూపంతా ఇత్తడి మెరుపు మీదే. బంగారు రంగు పూసి చూస్తే మెరుపు కాగితం అంటించినట్టు వచ్చింది. అసలు ఇత్తడి తన రంగు కన్నా చుట్టూ ఉన్నవాటినే ఎక్కువ చూపిస్తుంది. ట్యూబా గొట్టం మీద పసుపు ఒక సన్నని చార, అంతే. దాన్ని ఆనుకుని ముదురు గోధుమ రంగు, అంచున కిటికీలోంచి పడ్డ నీలం, ఆ వంపులో సాగి వంకర్లు పోయిన వాయించే ఆయన ఎర్ర చొక్కా. వీటిని ఒకదాంట్లో ఒకటి కలిసిపోనివ్వకుండా పక్కపక్కనే వేసి, చివర్లో ఒక్క తెల్ల చుక్క పెడితే చాలు, ఇత్తడి అయి కూర్చుంటుంది. ఆ చుక్క పెట్టే క్షణమంటే నాకు ప్రాణం.

మెరుపు వచ్చింది గానీ మోత రాలేదు. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ కచేరీ విన్నాక చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన బొమ్మలో పసుపు వరదలా పరుచుకుని ఉంటుంది. పసుపుని ఆయన ట్రంపెట్ మోతతో పోల్చాడు కూడా. నేనూ ఆ దారిలో వెళ్లి చూశాను, కుదరలేదు. నా చెవికి ట్రంపెట్ రంగులా కాదు, అంచులా వినిపిస్తుంది. అందుకే దానికి బ్లేడుతో కాగితం గీరాను. ట్రాంబోన్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంటే బొగ్గు గీతని బొటనవేలితో లాగాను. ట్యూబాకి మాత్రం కాగితం ముందే తడిపి, నీలాన్ని దానంతటదే ఇంకనిచ్చాను.

ఇంత చేసినా ఏదో వెలితి. అదేంటో పోయిన నెల దొరికింది. పాట మొదలవడానికి అర క్షణం ముందు వరసలో భుజాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఊపిరి! పాట అయ్యాక ఒక్కొక్కరూ గొట్టం కింద ఉండే చిన్న మీట నొక్కి ఊదుతారు. లోపల చల్లబడి నీరైన ఊపిరి నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. అప్పటిదాకా విన్న పాట తాలూకు తడి అది.

ఇప్పుడు వేస్తున్న పెద్ద బొమ్మలో పైన లేచిన భుజాలు, కింద కుర్చీ కాళ్లు, వాటి మధ్య ఆ చుక్కలు. వాయిద్యాలు అంచుల్లో సగమే కనిపిస్తాయి. మొన్న ట్రంపెట్ వాయించే ఆవిడ వచ్చి చాలాసేపు చూసి, ఒక చుక్క మీద వేలు పెట్టారు.

"ఇది నా కుర్చీ కిందిదే కదండీ?"

ఆవిడదే.